ఇత్తో బండి, ఊరి మబ్బు

ఆ గురువారం ఉదయానికి ఇత్తో వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకి బడి ఆవరణలో తన బండిని నేల మీద పెట్టాలి. అది ఎవరూ తోయకుండా పది మీటర్లు నడవాలి. పట్నం నుంచి వచ్చే ఇన్‌స్పెక్టరు అది చూసి, వర్జజాత్ పట్నంలో జరిగే సైన్సు పోటీకి తన పేరు రాసుకోవాలి. అంతే.

పన్నెండేళ్ళ ఆ పిల్ల రెండు నెలలు కూర్చుని చేసిన బండి అది. ఒళ్ళంతా సార్డిన్ చేపల డబ్బా. చక్రాలు సీసా మూతలు. ఇరుసులు కబాబులు గుచ్చే ఇనప పుల్లలు. పాడైపోయిన టేప్‌రికార్డరు కడుపు కోసి మోటారు తీసింది. తోటదీపాల నెత్తిన ఉండే సోలార్ పలకలు రెండు కలిపి పైకప్పు చేసింది. మొదటి నెలంతా బండి వెనక్కే నడిచింది. తీగలు అటూ ఇటూ మార్చి కట్టాలని కనిపెట్టిన రోజున సంతోషం పట్టలేక అన్నం కూడా ముట్టలేదు. డబ్బాని ఎన్నిసార్లు కడిగినా వాసన పోలేదు కాబట్టి, ఊళ్ళో పిల్లులకి మాత్రం ఆ బండి మీద మొదటి నుంచీ నమ్మకం ఉంది.

చిక్కల్లా ఆకాశంతో వచ్చింది. ఆ లోయలో వాన చుక్క పడి ఏడు నెలలైంది. బార్లీ మొలకలు పసుపుపచ్చగా మారాయి. ఆ ఉదయమే ఊరంతా కలిసి కళ్ళంలో వాన కోసం నమాజు చేయాలని నిర్ణయించుకున్నారు. తెల్లవారేసరికి కొండల మీద నిజంగానే ఒక మబ్బు కనిపించింది. ఊరు పొంగిపోయింది. ఇత్తో గుండె జారిపోయింది.

ఇంటి ముంగిట్లో బండిని ఎండలో పెట్టి చూసుకుంటోంది. చక్కగా పరుగెత్తింది. అంతలో మబ్బు నీడ ఇంటి మీదికి వచ్చింది. బండి ఆగిపోయింది. ఆమె తండ్రి, నీళ్ళ పంపులు బాగుచేసే బస్సూ అనే ఆయన, చేతిలో రొట్టెముక్కతో వంగి చూశాడు.

"ఏమైందే? తీగ ఊడిందా?"

"తీగ కాదు నాన్నా, మబ్బు! మబ్బు పోతేనే బండి కదుల్తుంది."

గోడ అవతల పక్కింటి ఫద్మ బట్టలు ఆరేస్తోంది. ఆమె చెవులు ఊళ్ళోకెల్లా చురుకైనవి. కానీ చెవి నుంచి నోటికి వచ్చే దారిలో ఆ మాట బోర్లాపడింది. తడిబట్టలు బుట్టలోనే వదిలేసి ఫద్మ ఊరి రొట్టెల పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

"విన్నారా అమ్మలారా! బస్సూ కూతురు బండి చేసిందట. అది కదిలితే మబ్బు పోతుందట!"

"ఎంత బండి?" అందొకామె.

"నేను చూళ్ళేదు. కానీ రెండు నెలలుగా చేస్తోందిగా! రెండు నెలలు చేసింది ఎంతుంటుందో నువ్వే లెక్కేసుకో."

అందరూ లెక్క వేసుకున్నారు. రొట్టెలు కాలేలోపు బండి గాడిదంత అయింది. పిండిమర చేరేసరికి లారీ అంత అయింది. కళ్ళంలో నమాజు ముగించి లేస్తున్న మగవాళ్ళకి అందేసరికి, పది గంటలకి సర్కారు ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి మీట నొక్కి, లోయలో మబ్బులన్నీ ఊడ్చేయబోతున్నాడని ఖాయమైంది.

ముఖద్దం ఊహద్దూ గడ్డం దువ్వుకున్నాడు. ఊళ్ళో సర్కారు పనులు చూసే పెద్దమనిషి ఆయన. సర్కారుకి ఎదురు చెప్పలేడు, ఊరికి సర్దిచెప్పలేడు.

"గొడవ వద్దు. దాని మీద గుడ్డ కప్పేద్దాం. కప్పేసిన యంత్రం ఏం చేస్తుంది?" అన్నాడు.

"లారీ అంత దానికి ఏ గుడ్డ సరిపోతుంది ముఖద్దం గారూ?"

పెళ్ళిళ్ళకి వేసే మేక బొచ్చు డేరా గుర్తొచ్చింది. నలుగురు కుర్రాళ్ళు దాన్ని భుజాన వేసుకున్నారు. వెనక రెండు వందల మంది నడిచారు.

బడి గుమ్మంలో నిలబడిన జిలాలీ మాస్టారు ఆ జనాన్ని చూసి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో సైన్సు చూడ్డానికి ఒక్క తండ్రి కూడా రాలేదు. ఇవాళ ఊరు ఊరే కదిలొచ్చింది, పైగా పిల్లలకి నీడ కోసం డేరా మోసుకొచ్చింది!

"రండి రండి! డేరా ఎందుకండీ ఇంత శ్రమ!" అంటూ బెంచీలన్నీ బయట వేయించాడు. పుదీనా టీ పెట్టమని కబురు పంపాడు. తిట్టడానికి వచ్చినవాళ్ళ చేతుల్లో టీ గ్లాసులు పడ్డాయి. చేతిలో వేడి గ్లాసు పెట్టుకుని కేకలు వేయడం కష్టం.

ఇన్‌స్పెక్టరు కారు దిగాడు. జనాన్ని చూసి నోరు తెరిచాడు. "మాస్టారూ, నలభై స్కూళ్ళు తిరిగాను. సైన్సు మీద ఇంత ప్రేమ ఎక్కడా చూడలేదు."

ముఖద్దం గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, మేమంతా ఆ యంత్రం గురించే వచ్చాం."

"శభాష్! అదే కావాలి నాకు!" అని ఇన్‌స్పెక్టరు ఆయన చెయ్యి పట్టి ఊపేశాడు.

అప్పుడు ఇత్తో బండి తీసుకుని వచ్చింది. జనం ఆమె వెనక ఏముందోనని మెడలు చాచారు. ఆమె వెనక మూడు పిల్లులు మాత్రమే ఉన్నాయి.

"ఇదేనా?" అన్నాడు డేరా మోసేవాళ్ళలో ఒకడు, భుజం రుద్దుకుంటూ.

"చిన్నదైతే ఏం? మిరపకాయ చిన్నది కాదా?" అంది ఫద్మ.

ఇత్తో బండిని గీత దగ్గర పెట్టింది. ఆవరణ నిండా మబ్బు నీడ. బండి కదల్లేదు. పలక తుడిచింది, కదల్లేదు. జనం హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఓడిపోతుంటే తన ఊరే చప్పట్లు కొట్టడం ఇత్తోకి అర్థం కాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. "ఇంకా రెండు స్కూళ్ళకి వెళ్ళాలమ్మా. వచ్చే ఏడాది చూద్దాం."

"ఎందుకైనా మంచిది, కప్పేయండ్రా!" అంది ఫద్మ. కుర్రాళ్ళు డేరా విప్పబోయారు. ఇత్తో నానమ్మ హ్నియా కర్ర పొడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది.

"నా మనవరాలి డబ్బా మీద గుడ్డ వేసేవాడు ముందు నా మీద వెయ్యాలి! ఏం చేసిందిరా మీకు?"

"మబ్బుని తరిమేస్తుందట అవ్వా!"

"ఎవరన్నారు?"

అందరూ ఫద్మ వైపు చూశారు. "దీని నోటి నుంచే విన్నాను. బండి కదిలితే మబ్బు పోతుందని!"

ఇత్తోకి ఒక్కసారిగా సంగతంతా అర్థమైంది. ఏడుపు ఎగిరిపోయి కోపం వచ్చింది. "నేనన్నది మబ్బు పోతేనే బండి కదుల్తుందని, అత్తా! ఇది మబ్బుని ఏం చేస్తుంది? పాపం, ఎండ ఎంత పెడితే అంత తింటుంది. కావాలంటే చూడండి!"

చూపించడానికి ఎండ కావాలి. ఇత్తో గోడెక్కి చూసింది. ఎండిన కాలవ మీద, మబ్బు చిరుగులోంచి ఒక ఎండ ముక్క పడుతోంది. బండిని చంకన పెట్టుకుని అటు దూకింది.

"ఆగమ్మా!" అంటూ మాస్టారు పరుగెత్తాడు. మాస్టారు పరుగెత్తాడని ఇన్‌స్పెక్టరు, ఇన్‌స్పెక్టరు పోతున్నాడని ముఖద్దం, ముఖద్దం పోతున్నాడని ఊరు. వీళ్ళు కాలవ చేరేసరికి ఎండ ముక్క ఆలివ్ తోటలోకి జరిగింది. తోట చేరేసరికి గోడ దాటి కళ్ళం వైపు పోయింది. డేరా కుర్రాళ్ళు, దాన్ని దింపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, మోసుకుంటూనే పరుగెత్తారు.

ఇత్తో ఈసారి ఎండ వెంట పడలేదు. నీడ అంచు ఎటు జరుగుతోందో ఒక్క క్షణం నిలబడి చూసుకుంది. అడ్డదారిన కళ్ళం అవతలి కొసకి వెళ్ళి, ఇంకా నీడలోనే ఉన్న నున్నటి నేల మీద బండి పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"నీడలో పెట్టిందేంటి?" అన్నాడు ముఖద్దం రొప్పుతూ.

"వస్తోంది బాబాయ్. చూడండి."

ఎండ నేల మీద పాకుతూ వచ్చి సార్డిన్ డబ్బాని తాకింది. మోటారు చీమంత గొంతుతో పాడింది. బండి కదిలింది. అయిదు మీటర్లు. ఎనిమిది. పది! ఎవరూ చెప్పకుండానే పిల్లలు అరిచారు, పెద్దలు అరిచారు, చివరికి ఫద్మ కూడా "పద తల్లీ, పద!" అని గావుకేక పెట్టింది. పదిహేను మీటర్ల దగ్గర ఇన్‌స్పెక్టరు బూటుకి గుద్దుకుని ఆగింది. మూడు పిల్లులూ దాని చుట్టూ కూర్చున్నాయి. బస్సూ కూతుర్ని భుజాలకి ఎత్తుకున్నాడు.

"రాసుకున్నాను!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అంతలో ఆయన కాగితం మీద ఒక చుక్క పడింది. ఇంకొకటి. చిరుగు మూసుకుపోయి మబ్బు నల్లబడింది. ఏడు నెలల వాన ఒక్కసారిగా దిగింది. డేరా కుర్రాళ్ళు ఆ ఉదయం మొట్టమొదటిసారిగా పనికొచ్చారు. డేరా కింద రెండు వందల మంది ఒకరినొకరు ఒరుసుకుంటూ, నవ్వుకుంటూ నిలబడ్డారు.

"నేను చెప్పలేదూ! బండి కదిలితే వాన వస్తుందని!" అంది ఫద్మ.

జిలాలీ మాస్టారు వాన హోరు మీదుగా అరగంట పాఠం చెప్పాడు. బండి వేరు, వాన వేరు, ఎండ పలకలో ఏం చేస్తుందో అన్నీ వివరించాడు. అందరూ శ్రద్ధగా తలలూపారు. ముగిశాక ముఖద్దం ఇత్తో పక్కకి జరిగాడు.

"అంతా బాగా అర్థమైంది తల్లీ. వచ్చే గురువారం ఇంకోసారి నడిపిస్తావా? పై చేలు సరిగ్గా తడవలేదు."

"కుదరదు బాబాయ్. ఆ రోజే పట్నంలో పోటీ. అక్కడ నడపాలి."

ముఖద్దం ముఖం వాడిపోయింది. "పట్నంలోనా? వాళ్ళకి చేలెక్కడున్నాయమ్మా!"

పోటీలో ఇత్తోకి మొదటి బహుమతి వచ్చింది, పట్నంలో చుక్క వాన పడలేదు; వానని పట్నంలో పారబోయకుండా దాచి తెచ్చిందని, ఊరు ఆమెని రెండోదానికే ఎక్కువ మెచ్చుకుంది.