మూడో అంతస్తు కుర్చీ

"పదకొండు నెలలుగా ఆగిపోయిన ఈ ఆస్పత్రి లిఫ్టును ప్రజల ప్రేమతోనే కదిలిస్తాను! ప్రతి ఒక్కరూ తనకు ప్రాణప్రదమైన వస్తువు ఒకటి ఇవ్వండి. శనివారం వేలం వేద్దాం!" అని మంత్రిగారు మైకులో ప్రకటించగానే హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఎందుకంటే మా బావ మూడో అంతస్తులో ఉన్నాడు.

బావ ప్రెస్సులో మెషిన్‌మన్. కాలు విరిగి, తుంటిదాకా కట్టు వేశారు. సోమవారం కూర్చుని చేసే పనిలోనైనా చేరకపోతే ఆ చోట ఇంకొకర్ని పెట్టుకుంటామని ఓనరు కబురు చేశాడు. శుక్రవారం డిశ్చార్జి.

లిఫ్టు లేదుగదా, రోగులు ఎలా ఎక్కి దిగుతారని మీకు సందేహం రావచ్చు. స్ట్రెచరు ఆ మెట్ల మలుపులో తిరగదు. ఒక పాత టేకు కుర్చీ ఉంది. పొడుగాయన, పొట్టాయన అని ఇద్దరు వార్డు మనుషులు దాన్ని మోస్తారు. పొడుగాయన కింది మెట్టు మీద, పొట్టాయన పై మెట్టు మీద ఉంటే కుర్చీ వాలదు. వాళ్ళకొక నియమం ఉంది: ఒకర్ని పైకి తెస్తే ఒకర్ని కిందికి దించాలి. ఖాళీ కుర్చీతో మెట్లు దిగడం వాళ్ళ వంటికి పడదు.

వస్తువుల సేకరణ మంత్రిగారి పి.ఏ. గారు స్వయంగా చేపట్టారు. ఆయన కార్యదీక్షను ఎంత పొగిడినా తక్కువే. మూడు రోజుల్లో నలభై మూడు వస్తువులు వచ్చిపడ్డాయి. గోడ గడియారాలు, జ్ఞాపికలు, ఫ్లాస్కులు. వాటిలో నలభై ఒక్క వస్తువుల మీద మంత్రిగారి ఫొటో ఉంది. ఏదో ఒక సభలో మంత్రిగారే పంచినవి కాబట్టి అవి ఎవరికైనా ప్రాణప్రదంగానే ఉంటాయి. మంత్రిగారు శంకుస్థాపనల్లో తను వాడిన తాపీ ఇచ్చారు. ఇన్ని భవనాలు మొదలుపెట్టిన తాపీకి సిమెంటు మచ్చ ఒక్కటి లేదు. అంత శుభ్రమైన మనిషి.

"ఎవడు కొంటాడయ్యా ఇవి?" అని పి.ఏ. గారు శుక్రవారం తల పట్టుకున్నారు. "ఒక్కటైనా పాతకాలపు సరుకు కావాలి."

సరిగ్గా అప్పుడే పొడుగాయనా పొట్టాయనా పైకెళ్ళే రోగి కోసం ఖాళీ కుర్చీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డారు.

"ఇదెప్పటిది?"

"ఆస్పత్రి కట్టినప్పటిదండి," అన్నాడు పొట్టాయన.

"యాంటిక్! నంబరు కట్టండి దానికి!"

పెద్ద నర్సు పరుగున వచ్చింది. "సార్, అది లేకపోతే పేషెంట్లు ఎలా దిగుతారు?"

"లిఫ్టులో దిగుతారమ్మా. దానికోసమే కదా వేలం!"

నేను పైకెళ్ళి బావకు విషయం చెప్పాను.

"అంటే నేను డిశ్చార్జి అయ్యానా, లేదా?" అన్నాడు బావ.

"కాగితం మీద అయ్యావు బావా."

"నా ఉద్యోగం పోయాక నన్ను కూడా వేలం వెయ్యమను," అని అటు తిరిగి పడుకున్నాడు. నాకు నిజంగా బాధేసింది. కింద అక్క ఆటోవాణ్ణి రెండుసార్లు వెనక్కి పంపింది.

శనివారం వేలం బ్రహ్మాండంగా జరిగింది. గడియారాలు ఇచ్చినవాళ్ళే వాటిని తిరిగి పాడుకున్నారు. కుర్చీ వంతు వచ్చేసరికి మంత్రిగారు దోమను తోలుకుంటూ చెయ్యెత్తారు. పి.ఏ. గారు వెంటనే సుత్తి కొట్టేశారు. మంత్రిగారి మీద పాట పెంచేంత సంస్కారహీనుడు ఆ హాల్లో ఎవడూ లేడు.

"నేరుగా అయ్యగారింట్లో దించు. మధ్యలో ఆగకు, ఫోనెత్తకు," అని పి.ఏ. గారు వ్యాను డ్రైవరుకు చెప్పారు.

అప్పుడు ఫొటోగ్రాఫరు వచ్చాడు. లిఫ్టు నిధి చెక్కును మంచం మీదున్న రోగి చేతికిస్తే ఫొటో బాగా వస్తుందన్నాడు. రోగులందరూ మూడో అంతస్తులో ఉన్నారు. మంత్రిగారికి మోకాళ్ళ నొప్పి.

"లిఫ్టు?" అన్నారు మంత్రిగారు.

"పనిచెయ్యదు సార్," అన్నారు పి.ఏ. గారు.

"మరి జనం ఎలా ఎక్కుతున్నారయ్యా?"

"కుర్చీలో సార్."

"ఏదీ కుర్చీ?"

"మీదే సార్. వ్యానులో ఉంది."

కుర్చీ దించారు. మంత్రిగారు కూర్చున్నారు. పొడుగాయన కింద, పొట్టాయన పైన. ప్రజలు నాయకుణ్ణి భుజాల మీద మోశారంటే వినడమే గానీ, అంతసేపు, అంత ఆయాసంతో మోయగా చూడటం నాకు అదే మొదలు.

తలుపుల్లోంచి పట్టని థర్మోకోల్ చెక్కును రెండుగా విరిచి లోపల అతికించారు. బావ మంచం పక్కన ఫొటో దిగారు. తర్వాత మంత్రిగారు కిటికీ దగ్గర విలేకరులతో రోగుల కష్టాల గురించి మాట్లాడసాగారు. రుమాలుతో కళ్ళొత్తుకున్నారు.

ఇక్కడ పొడుగాయన పొట్టాయన్ని చూశాడు. పొట్టాయన బావను చూశాడు.

"డిశ్చార్జి కాగితం ఉందా?"

"నిన్నటి నుంచీ ఉంది!" అన్నాడు బావ.

ఐదు నిమిషాల్లో బావ ఆటోలో ఉన్నాడు. అక్క ఏడుస్తూ నవ్వింది. కుర్చీ కింద కనబడగానే డ్రైవరు దాన్ని వ్యానులో పడేసుకుని బయల్దేరాడు. అతను క్రమశిక్షణ గలవాడు. మధ్యలో ఆగలేదు, ఫోనెత్తలేదు.

బావను ఇంట్లో దించాక, మరిచిపోయిన ఎక్స్‌రే కవరు కోసం సాయంత్రం ఐదింటికి మళ్ళీ వెళ్ళాను. మంత్రిగారు ఇంకా పైనే ఉన్నారు. "రోగుల మధ్య నాలుగు గంటలు గడిపిన మంత్రి" అని విలేకరులు అప్పటికే రాసేసుకుంటున్నారు.

అంతలో ఒక శబ్దం. పదకొండు నెలలుగా ఆ ఆస్పత్రి ఎరగని శబ్దం. లిఫ్టు కిందికి వచ్చింది! తలుపు తెరుచుకుంది. మంత్రిగారు చేతులు జోడిస్తూ బయటికి వచ్చి కారెక్కారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

మధ్యాహ్నం నుంచి బెంచీ మీద పడిగాపులు కాస్తున్న ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది. లిఫ్టు మెకానిక్ అడ్డం వచ్చాడు. గోడకున్న కరెంటు పెట్టె తెరిచి, బొటనవేలంత ఫ్యూజు ఒకటి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

"అదేంటి నాయనా?" అంది ఆవిడ.

"మంత్రిగారి ఆఫీసు లిఫ్టుదమ్మా. ఆయన అక్కడికి చేరేలోగా పెట్టెయ్యాలి," అని స్కూటరు స్టార్ట్ చేశాడు.