గడ్డి తినని పడవ

ఒక పెద్ద అడవిలో, అడవిని రెండు ముక్కలు చేస్తూ ఒక ఏరు. ఈ ఒడ్డున పంచాయతీ, ఆ ఒడ్డున మేత. మధ్యన తిరగడానికి ఎప్పటిదో ఒక మోటారు పడవ ఉండేది. అది పొగ కక్కేది, నూనె కార్చేది, దాని మోతకి చేపలు గుడ్లు పెట్టడం కూడా మానేశాయి.

చేపల గోడు ప్రెసిడెంటు ఎలుగుబంటిగారికి ఎప్పుడూ పట్టలేదు. పక్క అడవివాళ్ళు గాలినీ నీటినీ పాడుచెయ్యని పచ్చ పడవ వేసుకున్నారని విన్నాక మాత్రం ఆయనకి నిద్ర కరువైంది. మనకీ అలాంటిదే కావాలన్నారు. పొగ రాకూడదు, చప్పుడు కాకూడదు, ఒక్క చెట్టు కొట్టకూడదు. ప్రయాణికులతో పాటు వాహనాలూ ఎక్కాలి. అడవిలో వాహనాలేమిటంటారా? ఇంకొకరిని మోసేవాళ్ళంతా వాహనాలేనని తీర్మానం చేశారు. ఆ లెక్కన గాడిదలు కింది అంతస్తులో, గాడిదల మీద ఊరేగేవాళ్ళు పై అంతస్తులో.

పని కొంగగారికి అప్పజెప్పారు. ఆయన తెల్లగా ఉంటారు, పొద్దస్తమానం ఏట్లోకి చూస్తూ ఏదో ఆలోచిస్తున్నట్టు నిలబడతారు. నిపుణుడనిపించుకోడానికి అది చాలదూ?

కొంగగారు తుంగ కట్టలు పేర్చి, పచ్చగడ్డి మందంగా అల్లించి, చూడముచ్చటైన పడవ కట్టించారు. అంతా అయ్యాక గుర్తొచ్చింది, పడవ కదలాలి కదా అని. అప్పుడు కాటుకమ్మకి కబురెళ్ళింది.

కాటుకమ్మ ఒకరి మాట కాదనలేని మనిషి. మనిషి కాదనుకోండి, గేదె. చూడితో ఉంది, ఎంత తిన్నా ఆకలి తీరడం లేదు. పడవ అడుగున తుంగలో ఒక గూడు ఉంటుందనీ, అందులో తల దూర్చి ఎవరికీ కనబడకుండా తొయ్యాలనీ, రోజూ కడుపునిండా పచ్చగడ్డి ఇస్తామనీ కొంగగారు చెప్పారు. పుట్టబోయే దూడకి కూడా ఇదే ఉద్యోగం రాసిపెట్టి ఉంచుతామన్నారు. కాటుకమ్మ పొంగిపోయి తలూపింది.

పడవ నడిచింది. పొగ లేదు, మోత లేదు, దానంతటదే తేలిపోతున్నట్టుంది. అడవి అడవంతా ఒడ్డున నిలబడి నోళ్ళు వెళ్ళబెట్టింది. పచ్చ పడవలకిచ్చే బహుమతి కోసం పైనుంచి తనిఖీకి నెమలిగారు దిగారు. చుట్టూ తిరిగి చూసి, ఈ పడవ నడవడానికి ఏం తింటుందని అడిగారు. కొంగగారు కళ్ళు మూసుకుని, ఏమీ తినదన్నారు. నెమలిగారు ఆనందం పట్టలేక అక్కడే పురి విప్పారు. బహుమతి ఖాయమైపోయింది.

ఆ సాయంత్రం కాటుకమ్మకి గడ్డి రాలేదు. మర్నాడూ రాలేదు. సిగ్గు విడిచి అడిగింది.

"కాటుకమ్మా, కాస్త అర్థం చేసుకో," అన్నారు కొంగగారు. "నువ్వు తింటే ఆ గడ్డి ఇంధనమవుతుంది. ఇంధనం ఉంటే ఇది పచ్చ పడవ ఎలా అవుతుంది? అడవంతా నిన్ను చూసి గర్వపడుతోంది."

"నన్నెవరు చూశారయ్యా?" అంది కాటుకమ్మ.

కొంగగారికి అప్పుడే ఏట్లో చేప కనబడింది, వెళ్ళిపోయారు.

పొద్దున్నే నీళ్ళలోకి దిగితే చీకటి పడ్డాకే పైకి రావడం, మేత లేని ఈ ఒడ్డున రాలిన ఎండుటాకులు ఏరుకుని నమలడం. కాటుకమ్మ డొక్కలు లోపలికి పోయాయి. తన సంగతి సరే, కడుపులోది ఏమైపోతుందోనని భయం పట్టుకుంది. ఒళ్ళు మండింది కూడా. అయినా మాటిచ్చాను కదా అనుకుని తోసింది, పిచ్చి మాలోకం.

బహుమతి రోజు వచ్చింది. సభ అవతలి ఒడ్డున. ఎలుగుబంటిగారు, నెమలిగారు, కొంగగారు పైన కూర్చున్నారు, గాడిదలు కింద నిలబడ్డాయి. నడి ఏట్లో దూడ కడుపులో ఒక్క తన్ను తన్నింది. కాటుకమ్మ ఉలిక్కిపడి తలెత్తితే నోటికి తగిలింది, తడి తడిగా, కమ్మగా, పచ్చగడ్డి.

ఒక్క పరక అనుకుంది. తర్వాత ఇంకొక్కటి. ఆ పైన అనుకోవడం మానేసి తినడంలో పడింది. పైన ఎలుగుబంటిగారు పొదుపు గురించి మాట్లాడుతూ అడుగు ముందుకేశారు. కాలు కిందికి దిగబడింది, వెనకాలే ఆయనా దిగబడ్డారు. కొంగగారు, నెమలిగారు ఎగిరిపోయారు. గాడిదలు ఈదుకుంటూ ఒడ్డు చేరాయి. ఎలుగుబంటిగారిని కాటుకమ్మే వీపు మీద వేసుకుని అవతలి ఒడ్డుకి చేర్చింది. ఆమె నోట్లో పడవలో చివరి పరక ఇంకా నలుగుతోంది.

అందరూ కొంగగారి వైపు చూశారు.

"గమనించారా?" అన్నారాయన. "పని అయిపోయాక చిన్న చెత్త కూడా మిగలలేదు."

నెమలిగారు మళ్ళీ పురి విప్పారు. బహుమతి పెద్దది చేసి ఇచ్చారు.

పంచాయతీ ఆ వారమే విచారణ జరిపి లోపం కనిపెట్టింది. పడవ మరీ రుచిగా ఉందట. కొత్త పడవ ముళ్ళకంపతో కట్టారు. కాటుకమ్మకి మళ్ళీ కబురెళ్ళింది గానీ, ఆమె ఆ ఒడ్డున మేతలోనే ఈనింది. బలమైన దూడ. ఇద్దరూ ఇటువైపు తిరిగి చూడలేదు. కొత్త పడవ ఈనాటికీ రేవులోనే కట్టేసి ఉంది, పొగ లేకుండా, చప్పుడు లేకుండా. దానికీ ఏటేటా బహుమతి వస్తూనే ఉంది.

నీతి: పొగ కనబడనప్పుడు, ఎవరి కడుపు కాలుతోందని అడగరాదు, అడిగితే పడవ ఆగిపోతుంది.