నాలుగు కిటికీల సెక్రటరీ

మే నెలలో ఒక శనివారం పొద్దున్నే హెన్రీ మాస్టారు నూనె డబ్బా పట్టుకుని చర్చికి బయల్దేరారు. దెందులూరు దాటాక ఉండే ఆ పల్లె చర్చికి ఆయన సెక్రటరీగా ఎన్నికై వారమే అయింది. మొదటి బాధ్యతలోనే మాట పడకూడదని ఆయన పట్టుదల. చర్చికి ఉన్నవి నాలుగే కిటికీలు, అవీ బాగా ఎత్తున. కింద నిలబడి హేండిల్ తిప్పితే పైన రెక్క తెరుచుకుంటుంది. ఆదివారానికి నాలుగూ సాఫీగా తిరగాలి.

మొదటిది తిప్పగానే, రెక్క తెరుచుకోకముందే గేరు పళ్ళు విరిగి, హేండిల్ ఊడి చేతికొచ్చింది.

"ఈ కంపెనీ మూసేసి పదేళ్లయిందండి," అన్నాడు ఏలూరులో హార్డ్‌వేర్ కొట్టతను, ఊడిన హేండిల్ చూసి. "విరిగింది చూసి ఏం వెతకమంటారు? సాంపిల్‌కి బాగున్నది తెండి."

మాస్టారు వెనక్కి వచ్చి, పిచ్చుకలు దూరకుండా రెండో కిటికీ రెక్క జాగ్రత్తగా మూసి, హేండిల్ విప్పి ఇచ్చొచ్చారు. అయినా నమ్మకం చాలలేదు. తాడేపల్లిగూడెంలో లేతు మెకానిక్ అబ్బాయిరాజు దగ్గరికి వెళ్లారు.

"కొత్తది కోసిస్తానండి. పళ్ళు లెక్క చూసుకోవాలి కదా, బాగున్నదొకటి వదిలెళ్లండి మాస్టారూ."

మూడో కిటికీ మూతపడింది. గుండుగొలనులో చేపల చెరువుల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు బాగుచేసే బన్నీ, "గేరు సరిపెడతానండి, కొలతకి ఒకటి..." అనేలోపే మాస్టారు సంచీలోంచి నాలుగోది తీశారు.

సాయంత్రం భార్య సువర్ణ మజ్జిగ ఇస్తూ అడిగింది. "ఏవండీ, ఇంతకీ విరిగినవెన్ని?"

"ఒకటే."

"అంటే ఒక పన్ను పుచ్చిందని మిగతావన్నీ పీకి, ముగ్గురు డాక్టర్లకి చూపించొచ్చారన్నమాట!"

మాస్టారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేశారు. గబగబా మూడు చోట్లకీ ఫోన్ చేశారు. "విప్పి పెట్టేశామండి, సోమవారం రండి," అన్నారు ముగ్గురూ. ఆ రాత్రే రాజీనామా ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం చర్చి ఇటుకల బట్టీలా ఉంది. ఫ్యాన్లు ఆ వేడినే తిప్పి తిప్పి అందరికీ వడ్డించాయి. జేమ్స్ అయ్యగారి ప్రసంగం ఏనాడూ గంటన్నరకి తగ్గదు. ఆ రోజు మాత్రం మూడో రుమాలు కూడా తడిశాక, సరిగ్గా పదిహేనో నిమిషంలో "ఆమేన్" అనేశారు.

గుమ్మం దగ్గర తల వంచుకుని మాస్టారు జేబులోంచి ఉత్తరం తీస్తుండగా, సంఘపెద్ద ఏసుబాబు వచ్చి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఇరవయ్యేళ్లలో ఆదివారం చేపల పులుసు వేడిగా తినడం ఇదే మొదటిసారండి సెక్రటరీగారూ! మీలాంటి చదువుకున్నోళ్లు ఉండాలండి."

సోమవారం మూడు చోట్ల నుంచీ సరుకు సిద్ధమని ఫోన్లొచ్చాయి. కమిటీ వెంటనే సమావేశమై, అంత పాత సామానుని తొందరపడి బిగించకూడదని తీర్మానించింది.

ఆ తీర్మానం వద్దన్నది అయ్యగారొక్కరే.