మిర్ ముందా, మంచినీళ్ళు ముందా?

మంచినీళ్ళు లేకపోయినా మనిషి రెండు రోజులు బతుకుతాడు. స్లావు భాషల్లో ‘మిర్’ అనే మాట ఎలా పుట్టిందో తెలియకుండా ఒక్క పూటైనా ఎలా బతుకుతాడండీ?

మీరంతా బతుకుతున్నారు. అందుకే మీమీద నాకు జాలి!

బందరు రీడింగురూములో లావుపాటి ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికిన నాటినుంచీ నాకు వేరే ధ్యాస లేదు. రష్యావాడికి ‘మిర్’ అంటే శాంతి. లోకమన్నా అదే మాట. ఊరి రైతులంతా ఒకచోట కూర్చుని మంచిచెడ్డలు తేల్చుకుంటే, ఆ కూటమికీ అదే పేరు. చెక్కు దేశంవాడు శాంతి దగ్గరే ఆగిపోయాడు. పోలండువాడికేమో పదిమందిలో పలుకుబడి. మన ‘మిత్ర’కు ఇది దూరపు చుట్టమని కొందరు పండితుల ఊహ. రెండక్షరాలైనా నిండని మాటకు ఇంత సంసారమా!

ఇంత జ్ఞానం దాచుకుంటే పాపం కాదూ? అడిగినవాడికీ, అడగనివాడికీ చెబుతున్నాను. గుడివాడ రైల్లో నేనెక్కిన పెట్టె ఎప్పుడూ ఖాళీయే. మా ఆవిడ హైమవతి ఉప్పు నిండుకుందని చెప్పబోయి, పోలండు దాకా విని, పక్కింటికి వెళ్ళి తెచ్చుకుంది.

ఇలా ఉండగా దివిసీమ నుంచి నాంచారయ్య వచ్చాడు. వాళ్ళది సముద్రం మీద వేటతో బతికే పల్లె. మా నాన్నగారి కాలం నుంచీ వాళ్ళ అర్జీలు మా ఇంట్లోనే రాస్తాం. ఊరంతా ముందే అడుగున వేలిముద్రలు వేసి, పైన ఖాళీ వదిలి కాగితం పంపుతారు. మామీద అంత నమ్మకం!

“నుయ్యి ఉప్పుపడిపోయిందండీ పంతులుగారూ. ఆడోళ్ళు రెండు మైళ్ళు బిందెలు మోస్తన్నారు. కలెక్టరుగారికి కాస్త గట్టిగా రాయండి.”

గట్టిగానే రాశాను. ఊరి బాగు కోరే అర్జీని ‘మిర్’తో కాక దేనితో మొదలుపెడతాం? రష్యా అయింది, చెక్కు అయింది, పోలండు అయ్యేసరికి వేలిముద్రలు అడ్డం వచ్చాయి. నూతికి చోటు మిగల్లేదు.

నెలకు జవాబొచ్చింది: ‘సదరు దేశములు ఈ జిల్లా పరిధిలో లేవు.’

నాంచారయ్యకు అది చదివి వినిపించి, పనిలో పనిగా రష్యా ఊరికూటమి గురించి మళ్ళీ విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని వెళ్ళాడు. వారానికి తిరిగొచ్చాడు. చేతిలో ముంజలున్నాయి గానీ కాగితం లేదు.

“ఊరంతా కూర్చుని తేల్చుకుంటారని చెప్పారు కదండీ. మేమూ కూర్చున్నామండీ.”

“శభాష్! ఏం తేల్చారు?”

“ఇక మీచేత రాయించకూడదనండీ. ఏమీ అనుకోకండి.”

నాకు సిగ్గేసింది. నాంచారయ్య ముంజలు గుమ్మంలో పెట్టి, తాగడానికి నీళ్ళు అడిగాడు.

హైమవతి బిందెడు తెచ్చి అతని ముందు పెట్టింది.