ఊతకర్రల పరీక్ష

ఆ ఉదయం శాస్త్రవేత్త వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి కమిటీ వస్తుంది. బల్ల మీద పది గోధుమ కుండీలు. ఎర్ర చీటీలవి ఐదూ మామూలువి. పచ్చ చీటీలవి ఐదూ జన్యువులో చిన్న సవరణ చేసి కాడ గట్టిపరిచినవి. పెద్ద ఫ్యాను వేస్తే ఎర్రవి పడిపోతాయి, పచ్చవి నిలబడతాయి. కమిటీ సరేనంటే పరిశోధన ఇంకో మూడేళ్లు నడుస్తుంది. లేదంటే ఆరేళ్ల చాకిరీ అటకెక్కుతుంది. ఎటైనా ఇంటికెళ్లి పడుకోవచ్చు.

తొమ్మిదిన్నరకి ఆమె గాజుగదిలోకి వెళ్లేసరికి ఎర్ర చీటీల మొక్కలన్నీ ఊతకర్రలకి కట్టేసి ఉన్నాయి.

"ఏంటి పెద్దాయనా ఇది?"

"కంకులు బరువెక్కి వాలిపోతున్నాయమ్మా. పెద్దవాళ్లు వచ్చే వేళకి మన మొక్కలు పడుకుని ఉంటే ఏం బాగుంటుంది?" అన్నాడు తోటమాలి. పడిన మొక్కని లేపి కట్టడమే ముప్పై ఏళ్లుగా ఆయన ఉద్యోగం.

"పడిపోవడమే వాటి పని" అందామె నీరసంగా. "వీటిని బయట పెట్టి, వెనక గదిలోంచి ఎర్ర చీటీలవి ఇంకో ఐదు తీసుకురండి."

వెనక గదిలో ఎర్ర చీటీలవీ వాలిపోయే ఉన్నాయి. అతిథుల ముందు పీలమొక్కలేమిటని పెద్దాయన నిటారుగా ఉన్న పచ్చ చీటీల మొక్కలు ఐదింటికి ఎర్ర చీటీలు తగిలించి మరీ తెచ్చాడు. ఆమె పరీక్షగా చూసేలోపే కమిటీ గుమ్మంలో ఉంది.

ఫ్యాను ఒకటిలో పెట్టారు. ఏదీ కదల్లేదు. రెండులో పెట్టారు. మూడుకి కమిటీ కాగితాలు గదంతా ఎగిరాయి. మొక్కలు మాత్రం పదికి పదీ నిలబడే ఉన్నాయి.

"మామూలువే ఇంత గట్టిగా ఉంటే మీ సవరణ దేనికమ్మా?" అంది అధ్యక్షురాలు, రేగిన జుట్టు సర్దుకుంటూ.

శాస్త్రవేత్త పెద్దాయన వైపు చూసింది. "చీటీలు మార్చారా?"

"మంచివి పెట్టానమ్మా."

"పదీ సవరించినవేనండి. పొరపాటు మాదే" అని ఒప్పుకుందామె. అధ్యక్షురాలు ఫైలు మూసేసింది.

పెద్దాయన గబగబా బయటికెళ్లి కట్టేసిన కుండీలు తెచ్చాడు. "వీటికి ఫ్యాను కూడా దండగేనండీ" అంటూ కట్లు విప్పాడు. ఐదూ ఒకదాని వెనక ఒకటి బల్ల మీద సాగిలపడ్డాయి. "ఇన్నేళ్లలో నన్ను కర్ర అడగనివి ఈ అమ్మ మొక్కలే."

మూసిన ఫైలు తెరుచుకుంది. సంతకం అక్కడికక్కడే అయిపోయింది.

ఇంటికొచ్చి ఆమె సోఫాలో కూలబడింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"నిలబడ్డాం."

"అయితే లే, అన్నం తిందాం."

ఆమె లేవలేదు. మనిషి కాడకి పనికొచ్చే సవరణ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.