తోమనక్కర్లేని డెక్

ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ అమ్మే దుకాణంలో పనిచేసీ చేసీ, ఆయన నోట గ్యారంటీ తప్ప మరో మాట వచ్చేది కాదు. వాన రాదని గ్యారంటీ ఇచ్చేవాడు, వచ్చేది. పాలు పొంగవని గ్యారంటీ ఇచ్చేవాడు, పొంగేవి. అందుకే చుట్టాలందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి ‘గ్యారంటీ’ అనే పిలిచేవారు.

అలాంటి మనిషి ఇంటి వెనక అరుగులా వేసిన పాత చెక్క డెక్ పీకించి, కాంపోజిట్ డెక్ వేయించాడు. చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి కరిగించి, పైన గట్టి పొర తొడిగిన పలకలవి. చెదలు పట్టవు, పుచ్చిపోవు, ఏటా నూనె పుయ్యక్కర్లేదు. ఇంతవరకూ నిజమే. ఆ పైది మాత్రం ఆయన సొంత కవిత్వం.

“ఇక దీన్ని కడగక్కర్లేదు, తోమక్కర్లేదు. ఇరవై అయిదేళ్ళు గ్యారంటీ!”

ఆయన భార్య పళ్ళ డాక్టరు. జీవితమంతా ఇలాంటి మాటలు నోళ్ళు తెరిపించి మరీ విన్న మనిషి.

“పుచ్చదంటే తోమక్కర్లేదని ఎవరు చెప్పారండీ మీకు?”

“పలక వేరు, పన్ను వేరు!”

“పైన గట్టి పొర, సందుల్లో చెత్త. నాకేం తేడా కనపళ్ళేదు మరి.”

గ్యారంటీకి పౌరుషం పొడుచుకొచ్చింది. “దీనికి ఎప్పుడైనా సబ్బూ బ్రష్షూ కావాల్సొస్తే, జన్మంతా నేనే తోముతా. సరేనా?”

“సరే,” అందావిడ. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆయనకి కొంచెం గుబులేసింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఒకరోజు ఆవిడ క్లినిక్‌లో ఉండగా ఆయన డెక్ మీద పొయ్యి పెట్టి చేపలు వేయించాడు. చేప తిరగబడింది, ఆయన ఉలిక్కిపడ్డాడు, మూకుడు ఒరిగింది. అరచేయంత నూనె మరక పడింది.

అప్పుడే సబ్బునీళ్ళు పోసుంటే సరిపోయేది. కానీ సబ్బు ముట్టుకుంటే పందెం పోయినట్టే. అందుకని రబ్బరు అడుగున్న మ్యాట్ తెచ్చి దాని మీద పరిచేశాడు. ఏనుగును చాటలో దాచినంత సంబరపడ్డాడు.

సాయంత్రం భార్య వచ్చి ముక్కు ఎగబీల్చింది. “కాంపోజిట్ అన్నారు, నాకేంటో కంపూ జిడ్డూ అని వినపడుతోంది!”

“పక్కింటివాళ్ళ వంట,” అన్నాడు.

పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరని ఆవిడకి తెలుసు.

కొన్ని వారాల తర్వాత మ్యాట్ ఎత్తి చూశాడు. నూనె మరక పోలేదు సరికదా, దాని చుట్టూ రబ్బరు అడుగు మేర రంగు మారి అచ్చుగుద్దినట్టు కనపడింది. వెంటనే పెద్ద పూలతొట్టి లాక్కొచ్చి పైన పెట్టాడు. తొట్టి అడుగున నీరు ఊరి, చుట్టూ నల్లగా బూజు కట్టింది. ఆ బూజు కనపడకుండా ఇనప కాళ్ళ సోఫా ఈడ్చుకొచ్చాడు. సోఫా వచ్చిన దారంతా పలక మీద గీత పడింది. ఆ గీత మీద కుర్చీలు వరసగా పేర్చాడు.

“ఏవండీ, ఈ తొట్టి ఇక్కడికెందుకొచ్చింది?”

“గాలి కోసం.”

“చెట్టు గాలి ఇస్తుంది గానీ, గాలి కోసం షికారుకు రాదండీ.”

ఇంతలో భార్య అక్క ఫోన్ చేసింది, ఆదివారం తామిద్దరూ డెక్ చూడ్డానికి వస్తున్నామని. ఆ అక్క మొగుడే గ్యారంటీకి తోడల్లుడు. అందరూ ఆయన్ని ‘పాలిష్’ అంటారు. ఆయనది అసలు సిసలు చెక్క డెక్. ఏటా గీకి, నూనె పూసి, నడుం పట్టుకుని పడుకుంటాడు. అయినా, “ప్లాస్టిక్ పలక పలకేనా తమ్ముడూ?” అని ప్రతి పెళ్ళిలోనూ దెప్పుతాడు.

ఆదివారం పాలిష్ రానే వచ్చాడు. డెక్ మీద కాలు పెట్టబోతే కుర్చీ తగిలింది. పక్కకి జరగబోతే సోఫా తగిలింది.

“డెక్ చూద్దామని వస్తే, సామాన్ల కొట్టు చూపిస్తున్నావేంటి తమ్ముడూ?”

“కూర్చోండన్నగారూ! కదలకుండా కూర్చుంటేనే దీని అందం!”

“అన్నీ పక్కకి జరిపి చూపించండి,” అంది భార్య, పేషెంటుని నోరు తెరవమన్నంత మెత్తగా.

 గ్యారంటీ దేవుడి మీద భారం వేసి కుర్చీలు తీశాడు. గీత లేదు! సోఫా ఎత్తాడు. మచ్చ లేదు! తొట్టి జరిపాడు, కళ్ళు మూసుకుని మ్యాట్ లాగాడు, ఒక కన్ను తెరిచాడు. అద్దంలా మెరుస్తోంది.

ఎలా అని ఆలోచించే ఓపిక ఆయనకెక్కడిది? ఛాతీ విరిచాడు.

“చూశారా అన్నగారూ! చుక్క నీళ్ళు ముట్టలేదు! దాన్నదే శుభ్రం చేసుకుంటుంది!”

పాలిష్ వంగి చూశాడు, వేలితో రాశాడు. మొహం పాలిపోయింది. “మరి ఈ ఒక్క పలక కొత్తగా ఉందేంటి?”

గ్యారంటీ కూడా వంగి చూశాడు. నిజమే, ఆ పలక నిగనిగలాడుతోంది. భార్య వైపు చూశాడు. ఆవిడ టీ కప్పులు సర్దుతోంది.

“అది గీసుకుపోతే మార్చాం బావగారూ. మిగిలిన పలక ఒకటి స్టోర్‌రూమ్‌లో ఉంటే, స్క్రూలు విప్పి బిగించాను. పన్ను పీకి పన్ను పెట్టేదాన్ని, పలకో లెక్కా?”

అప్పటికి గ్యారంటీకి జ్ఞానోదయమైంది. తను దుకాణానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ సామాన్లు జరిపి, నూనె జిడ్డూ రబ్బరు మచ్చా బూజూ అన్నీ కడిగి, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేసిందన్నమాట! పందెం పోయింది, పరువూ పోబోతోంది. నేల చీలితే బాగుండుననుకున్నాడు. చీలదు, దానికి గ్యారంటీ ఉంది.

“ఇంత మెరుపు నీళ్ళు తగలకుండా ఎలా వచ్చిందమ్మా?” అన్నాడు పాలిష్.

“మా ఆయనకి చెప్పుకోవడం సిగ్గు బావగారూ. ప్రతి ఆదివారం గోరువెచ్చని సబ్బునీళ్ళతో, మెత్తటి బ్రష్షుతో తనే తోముతారు. నన్ను చెయ్యి వెయ్యనివ్వరు!”

అక్క వెంటనే పాలిష్ వైపు తిరిగింది. “చూడండి, నేర్చుకోండి! పోయిన యేడు నూనె పూయమంటే మంచం ఎక్కారు!”

పాలిష్ ఇన్నాళ్ళూ దెప్పిన నోటితోనే, “గొప్పవాడివి తమ్ముడూ!” అన్నాడు. ఆ మాట కోసం గ్యారంటీ ఎన్ని పెళ్ళిళ్ళు ఎదురుచూశాడో! కాదంటే మరకలు దాచిన సంగతి బయటపడుతుంది. అవునంటే జన్మంతా తోమాలి.

“ఏదో, మన అలవాటు...” అన్నాడు.

“అయితే వచ్చే ఆదివారం వచ్చి చూస్తాం,” అంది అక్క.

వచ్చారు. పాలిష్ ఒక్కడే కాదు, సంగతి విని వీధిలో మరో ముగ్గురు మొగుళ్ళు కూడా, పెళ్ళాలు తోలితే తలా ఒక బ్రష్షు పట్టుకుని వచ్చారు. ఆడవాళ్ళంతా సోఫాలో కూర్చుని టీ తాగుతున్నారు. గ్యారంటీ మోకాళ్ళ మీద ఉన్నాడు, మోచేతుల దాకా నురగ. అయినా గొంతులో మహా దర్జా.

“ఇనప బ్రష్షు ముట్టుకోకూడదు! పలక చారల వెంబడే తోమాలి, అడ్డంగా కాదు. మరక పడిన వెంటనే కడిగేయాలి, మూసిపెట్టకూడదు. అర్థమైందా?”

మొగుళ్ళంతా తలలూపారు. పాలిష్ కాయితం మీద రాసుకున్నాడు కూడా.

సోఫాలోంచి భార్య గొంతు చల్లగా వినపడింది.

“గురువుగారూ, మెట్లు మిగిలిపోయాయి!”