ఓటమి గంట

“జీవితంలో ఒక్కసారైనా ఓడిపోనివాడు ఈ గడప తొక్కడానికి అర్హుడు కాడు.”

ఈ మహావాక్యం ఆ భవనం ఏడో అంతస్తులో, లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా, మనిషెత్తు అక్షరాలతో దర్శనమిస్తుంది. ఆ అంతస్తంతా ఒక స్టార్టప్ ఇంక్యుబేటర్. కొత్త ఆలోచన పట్టుకుని వచ్చినవాళ్లకి కుర్చీ, బల్ల, వైఫై, లెక్కలేనన్ని సలహాలు ఇచ్చి ఆరు నెలలు పొదుగుతారు. పిల్ల బయటికొచ్చేలా కనిపిస్తే అప్పుడు పెట్టుబడి పెడతారు.

కుట్టుమిషన్ల మెకానిక్ ఆ వాక్యం చదివి గతుక్కుమన్నాడు. అతను అంతవరకూ ఎందులోనూ ఓడిపోలేదు. ఓడిపోయేంత పెద్ద పని ఎప్పుడూ తలపెట్టలేదు మరి. మామగారి దగ్గర పని నేర్చుకున్నాడు, ఆయన కూతుర్నే చేసుకున్నాడు, ఆయన పోయాక ఆయన కొట్టులోనే ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పదకొండేళ్లుగా కొట్టు నడుస్తూనే ఉంది. అది తన గొప్పే అనుకునేవాడు కూడా.

నిజానికి గొప్పంతా భార్య చెవిది. మిషన్ తొక్కిన చప్పుడు పక్కగదిలోంచి వినే “షటిల్‌లో దారం ఇరుక్కుంది” అనో, “బెల్టు వదులైంది” అనో చెప్పేస్తుంది. ఆ చెవి పని ఫోన్ చేత చేయిస్తే ప్రపంచంలోని కుట్టుమిషన్లన్నీ తన చేతిలోనే ఉంటాయని మెకానిక్‌కి ఒకరోజు తట్టింది. తట్టిన దగ్గర్నుంచి కాలు నేలమీద నిలవలేదు.

దరఖాస్తులు చూసే ఆవిడ కాగితం తిరగేసి నొసలు ముడిచింది.

“గత వైఫల్యాలు అన్నచోట ఖాళీగా వదిలేశారేంటండీ?”

“లేవండి.”

“ఒక్కటి కూడానా? పోనీ, ఇప్పుడు నడుపుతున్నదేమైనా ఉందా?”

“రిపేరు కొట్టుందండి. బాగానే నడుస్తోంది.”

“అయ్యో,” అందావిడ, ఇంట్లో ఎవరికో బాగాలేదని విన్నట్టు. “బాగా నడుస్తోందంటే కమిటీకి నేనేం చెప్పను? రిస్కు తీసుకోని మనిషి అనుకుంటారు.”

మెకానిక్ బుర్ర ఎప్పుడూ అంత చురుగ్గా పనిచేసి ఎరగదు. “మూసేశానండి. పోయిన వారమే,” అన్నాడు.

ఆవిడ మొహం విప్పారింది. “ముందే చెప్పొద్దూ! గురువారం క్షేత్ర పరిశీలనకి వస్తాం. మూతపడ్డ కొట్టుని చూపించండి చాలు.”

ఇంటికొచ్చి విషయం చెబితే భార్య చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

“పనిచేస్తున్న కొట్టుకి తాళం దేనికండీ?”

“మూతపడిందని చూపించాలి.”

“మూతపడ్డవాటికి పెట్టుబడి పెడతారా వాళ్లు?”

“మూతపడ్డవాటికి కాదు. మూసుకున్నవాళ్లకి.”

ఆవిడ తాళంచెవి తీసి మొగుడి చేతిలో పెట్టింది. “ఇది మా నాన్న కొట్టు. ఆరు నెలలంటున్నారు కాబట్టి ఆరు నెలలు. ఆ తరవాత ఒక్క పూట ఆగను. ఈలోగా వెనక తలుపునుంచి పని చేసుకుంటాను. అది కూడా వద్దంటే మీరు మీ ఏడో అంతస్తులోనే పడుకోండి.”

గురువారం కమిటీ వచ్చింది. షట్టరు మీద “శాశ్వతంగా మూసివేయడమైనది” అన్న అట్టని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుంది. లోపల్నుంచి గడగడా మిషన్ చప్పుడు వినిపించింది.

“అదేంటండీ?”

“పక్కింటిదండి,” అన్నాడు మెకానిక్. పక్కింట్లో పళ్ల డాక్టరు ఉన్నాడు.

చేరిన రోజు పద్ధతి ప్రకారం గంట కొట్టాలి. కాఫీ మిషన్ పక్కన, నాలుకకి తాడు కట్టిన బడిగంటంత ఇత్తడి గంట వేలాడుతూ ఉంటుంది. దాని పేరు ఓటమి గంట. సంస్థ మునిగినవాడెవడైనా వచ్చి దాన్ని మోగిస్తే, అంతస్తులో ఉన్న వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఈ ఆచారం సంస్థ పెద్దాయన పెట్టింది. ప్రతి మాటకీ విజన్ అంటాడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని విజన్ గారంటారు.

“సిగ్గెందుకయ్యా?” అన్నాడు విజన్ గారు భుజం తట్టి. “దాచుకునేవాడికే ఓటమి మచ్చ. చెప్పుకునేవాడికి పతకం. కొట్టు గట్టిగా.”

మెకానిక్ కొట్టాడు. ఎనభైమంది లేచారు. పదకొండేళ్లలో ఎన్ని వందల మిషన్లు బాగుచేశాడో, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టు మూసేశానని అబద్ధం చెబితే హాలు దద్దరిల్లిపోయింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మాత్రం అబద్ధం కాదు.

ఆ రుచి మరిగాక ఇక ఆగలేదు. వారం వారం వేదికెక్కి తన ఓటమి కథ చెప్పేవాడు. కన్నీళ్లు మొదట్లో కాదు, చివర్లో రావాలని ఒక శిక్షకుడు నేర్పాడు. చెప్పిన కొద్దీ కొట్టు పెరిగింది. రెండో నెలకి మూడు శాఖలైంది, నాలుగో నెలకి నలభైమంది సిబ్బంది రోడ్డున పడ్డారు. వినేవాళ్లు ముక్కు చీదుకునేవారు. లేని నలభైమందినీ తలుచుకుని మెకానిక్ కూడా బెంగపడేవాడు. ఈ హడావుడిలో యాప్ సంగతి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. అది ఇంకా కుట్టుమిషన్‌కీ మిక్సీకీ తేడా కనిపెట్టలేకపోతోంది.

అయిదో నెలలో ఒక ఉదయం భార్య చెప్పింది. “యూనిఫారాలు కుట్టే ఆవిడ షట్టరు మీద అట్ట చూసి వెళ్లిపోయిందట. పన్నెండు మిషన్లూ ఆ చివరి కొట్టువాడికి ఇచ్చేసింది. మా నాన్న నాటి నుంచీ మన దగ్గరికొచ్చే మనిషి.”

“ఇంకొక్క నెల ఓపిక పట్టు.”

ఆవిడ స్క్రూడ్రైవర్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అసలు మాట్లాడటమే మానేసింది. వెనక తలుపు దగ్గర కూడా జనం పలచబడ్డారు.  అయినా మెకానిక్ ఆ శుక్రవారం వేదిక మీద ఇంకో శాఖ మూసేశాడు.

తరవాతి వారం ఏడో అంతస్తుకి వెళితే కుర్చీలు, బల్లలు లిఫ్టులో దిగిపోతున్నాయి. దరఖాస్తులావిడ లేదు. విజన్ గారు ఒక్కడే స్టూలెక్కి, గంట నాలుకకి తువ్వాలు చుడుతున్నాడు.

“ఏమైందండీ?”

“తలుపు వెయ్యి ముందు,” అన్నాడాయన గొంతు తగ్గించి. “పైనున్న పెట్టుబడిదారులు చేతులెత్తేశారు.”

“అంటే సంస్థ మునిగిపోయిందాండీ?”

“ఆ మాట అనకు. తదుపరి దశకి వెళుతున్నాం. ఎవరడిగినా అదే చెప్పు.”

మెకానిక్‌కి నిజంగానే అర్థం కాలేదు. “మరి గంట కొట్టరాండీ? అందర్నీ పిలవమంటారా?”

“నీకేమైనా మతి పోయిందా?” విజన్ గారు స్టూలు మీంచి జారబోయి నిలదొక్కుకున్నాడు. “గంట మీలాంటివాళ్ల కోసం పెట్టాను. నాకు నలుగురిలో పరువుంది. మా ఇంట్లోవాళ్లకే ఇంకా చెప్పలేదు. నువ్వో ఉపకారం చెయ్యి. దీన్ని మెట్లమీదుగా పట్టుకుపో. మా ఇంటికి తీసుకెళితే ఇదేంటని అడుగుతారు. దారిలో మోగనివ్వకు.”

ఏడంతస్తుల మెట్లూ మెకానిక్ ఆ గంటని పసిబిడ్డలా హత్తుకుని దిగాడు. విజన్ గారి మీద ఒళ్లు మండిపోయింది. ఇంత పిరికితనమా అని మూడో అంతస్తు దాకా తిట్టుకున్నాడు. తీరా తన వీధి మొదట్లోకి రాగానే పళ్ల డాక్టరు గుమ్మంలో కనిపించాడు. మెకానిక్ కాళ్లు వాటంతటవే వెనక సందులోకి తిరిగాయి.

భార్య గంటని చూసింది, అతని మొహం చూసింది.  ఎనభైమంది ముందు ధారాళంగా చెప్పిన మాట ఆ ఒక్క మనిషి ముందు నోట్లోంచి ఊడిపడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడే ముందు షట్టరు ఎత్తింది. అట్ట చింపి చెత్తబుట్టలో పడేసింది. గంటకి చుట్టిన తువ్వాలు విప్పి, దాన్ని తన మిషన్ పక్కన గోడకి తగిలించింది. మామగారి కుర్చీలో ఇప్పుడు ఆవిడే కూర్చుంది. మెకానిక్ స్టూలు మీద సర్దుకున్నాడు.

పది గంటలవేళ యూనిఫారాలావిడ అటుగా పోతూ ఆగింది.

“తెరిచారే? శాశ్వతంగా మూసేశారన్నారుగా?”

మెకానిక్ లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“మూయడమేంటండీ, అబ్బే. ఓ పెద్ద ప్రాజెక్టు పనిమీద... ఇప్పుడు తదుపరి దశకి వెళుతున్నాం.”

భార్య తొక్కుతున్న మిషన్ ఆపలేదు. తల కూడా ఎత్తలేదు. ఎడం చెయ్యి చాచి గంట తాడు ఒక్క లాగు లాగింది. వీధి చివరిదాకా వినిపించింది.

“ఇదేంటమ్మా?” అంది యూనిఫారాలావిడ బిత్తరపోయి.

“మా ఆయన ఓడిపోయారు లెండి. అయిదు నెలల తరవాత ఇప్పటికి తీరింది చెప్పడానికి. మీ మిషన్లు ఆ చివరి కొట్టులో బాగా నడుస్తున్నాయా?”

“ఏం నడవడం. రెండైతే రోజూ దారం తెంపుతున్నాయి.”

“పంపించండి. చూస్తాను.”

ఎవరూ లేచి నిలబడలేదు, చప్పట్లు కొట్టలేదు. మధ్యాహ్నానికి రెండు మిషన్లు వచ్చాయి.